కలియుగభీముని కూలి

సంక్రాంతి సెలవులలో చంపావతీతీరమునందలి గజపతినగరమున బంధువుల యింటి అరుగుపై కూర్చుండి యుండగా, ఇంగ్లండునందు చదువుకొనుచు ఇంటికి వచ్చిన కుర్రవాడొకడు తన ఫోనులో నాకొక ఆటను చూపించెను. గోడకు గుండ్రని పలకయొకటి తగిలింపబడి యున్నది. దానికి 7 అడుగుల 9¼ అంగుళముల దూరమున నేలపై ఒక గీత కలదు. ఆ గీతకడ నిలిచిన మధ్యవయస్కుడొకడు, మల్లుని శరీరముగాని వీరుని వేషముగాని లేనివాడు, ఉక్కుమొనలు గల చిన్న బాణములను మూడింటిని ఒకదాని వెనుక నొకటిగా విసరుచుండగా, బల్లలచుట్టు కూర్చున్న వేలకొలది జనము పూనకము వచ్చినట్లు కేకలు వేయుచుండెను. మాతోపాటు చూచుచున్న వృద్ధుడొకాయన కొంతసేపు ఓపికపట్టి, "ఏటర్రా ఇది, పుల్లలిసిరినందుకు డబ్బులిత్తారా?" అని యడిగెను. "లచ్చలిత్తారు తాతా" అనెను కుర్రవాడు. "మరైతే మన రామ్మూర్తినాయుడికి ఎవులిచ్చినారు?" అనెను వృద్ధుడు. కుర్రవాడు ఆ పేరెన్నడును వినని వానివలె నావైపు చూచెను.

ఆ ఫోనులోని మనుష్యుడు ఫిల్ టేలర్. డార్ట్సు అను ఆ విసరుడుబాణముల ఆటలో 16 పర్యాయములు ప్రపంచ విజేత యైనవాడు. అతడు స్టోక్ పట్టణపు పింగాణి కార్మికుడు. మరుగుదొడ్లలో కాగితపుచుట్టలు తగిలించు పింగాణి పిడులు చేయుచు వారపుకూలితో కాపురము నడుపుకొనువాడు. అప్పటికే ఆ యాటలో మేటియైన ఎరిక్ బ్రిస్టో అతని చేతివాటము చూచి, ఉద్యోగము మానివేయవలెనను నియమముతో సుమారు 10,000 పౌండ్లు పెట్టుబడి పెట్టెను. 1990లో ప్రపంచపు తుదిపోటీలో టేలరు ఆ యుపకారినే ఆరింట ఒకటిగా ఓడించెను. సారాయంగడి గోడమీది వినోదము టెలివిజను పుణ్యమున వృత్తియగుటయు, పిడులు చేసిన చేతులు బాణములు విసరి భాగ్యము గడించుటయు ముచ్చటైన కథయే. కాని వృద్ధుని ప్రశ్న నన్ను ఆ కథలో నిలువనీయలేదు. ఆట అన్నము పెట్టవలెనన్నచో ఆ యన్నము ఎవరి గాదెనుండియో రావలెను గదా. టెలివిజను లేని దినములలో, మన యీ కళింగసీమలో, కోడి రామమూర్తినాయుడు అను మహాబలశాలి ఎవరి గాదె తిని బ్రతికెను?

పూర్వము ఆ గాదె రాజుది. విరాటుని కొలువున వలలుడను పేర వంటవాడై యున్న భీమసేనుడు జీమూతుడను పరదేశపు మల్లుని పడగొట్టి రాజును మెప్పించిన కథ తెలుగువారికి తిక్కన చేతిమీదుగా సుపరిచితము. శృంగవరపుకోట చెంతనున్న పుణ్యగిరియే విరాటుని రాజధానియనియు, పాండవులు ఆయుధములు దాచిన జమ్మిచెట్టు మా జామి గ్రామమునందలిదే యనియు మావారు పట్టుదలతో చెప్పుదురు. అట్టి స్థలపురాణములు దేశమున ఎన్నిచోట్ల నున్నవో లెక్కపెట్టబోయినచో పాండవులకు పదమూడేండ్లు చాలవు. అయినను ఆ కథలో నాకొక సంగతి మిక్కిలి సత్యముగా తోచును. జీమూతుడు ఊరూర తిరిగి రాజసభలలో కుస్తీపట్టి బహుమానము లందుకొను వృత్తిమల్లుడు. భీముడు వంటయింటి జీతగాడు. రాజు మెచ్చినచో సన్మానము, మెచ్చనిచో పస్తు. ఈ యేర్పాటు మా సంస్థానములలో నిన్నమొన్నటి వరకును నడచినది. విజయనగర ప్రభువులైన పూసపాటివారి యాశ్రయమున వైణికులు, పండితులు, హరిదాసులతోపాటు సాముగరిడీలు చేయువారును బ్రతికిరి. తాలింఖానాలయందు కఱ్ఱసాము, కత్తిసాము, కుస్తీ నేర్పు గురువులు పేటపేటను ఉండిరి. పండుగనాడు ఊరేగింపు ముందు కఱ్ఱ త్రిప్పుట వారికి భక్తియు, ప్రదర్శనమును, కొంత వరుంబడియును.

పల్లెలలో రాజు లేడు. అక్కడ సంగిడి యుండెను. గుండ్రని బండరాతిలో చేయి పట్టుటకు పిడి తొలిచి చేసిన ఈ బరువును మా ప్రాంతపు గ్రామములలో కోవెలముందో, రచ్చచెట్టు క్రిందనో పడవేసి యుంచెదరు. పండుగలలో కుర్రకారు దానిని ఒంటిచేత పైకెత్తుటకు పందెము కట్టుదురు. మొదట దానిని మోకాలిమీదికి చేర్చవలెను, అక్కడినుండి భుజమునకు, భుజమునుండి చేయి నిగుడునట్లు తలమీదికి. చూచువారు మొదటి ఘట్టమున నవ్వుదురు, రెండవదానియందు మౌనము వహింతురు, మూడవదానియందు ఈలలు వేయుదురు. గెలిచినవానికి ఒక పంచెయో, కడియమో, చుట్టుప్రక్కల నాలుగూళ్ల పేరో దక్కెడిది. దానితో పొట్ట నిండదు. మరునాడు వాడు మరల నాగలి పట్టవలసినదే.

రామమూర్తి పుట్టినది ఈ సంగిడి దేశములోనే. 19వ శతాబ్ది 80వ దశకమున, నాగావళి పరీవాహమున మన్యపుటంచున నున్న వీరఘట్టమునందు వెంకన్ననాయుడు అను గృహస్థునకు జన్మించి, పసితనముననే తల్లిని కోల్పోయి, విజయనగరమున పోలీసు ఉద్యోగియైన పినతండ్రి నారాయణస్వామి యింట పెరిగెను. మన్యమునుండి విజయనగరమునకు దిగు బాటలలో నొకటి పార్వతీపురము, బొబ్బిలి, గజపతినగరముల మీదుగా వచ్చును. ఆనాటికి ఆ త్రోవన రైలు లేదు, ఎడ్లబండియే గతి. చదువుకొమ్మని పంపిన బాలుడు విజయనగరమున చదువుకంటె వ్యాయామశాలను ముందు కనుగొనెను. ఇరువదియొక్క యేండ్లకు టన్నున్నర బరువును రొమ్ముపై మోయగలిగె నని, తరువాత ఆ బరువు మూడు టన్నులకు పెరిగె నని చెప్పుదురు. మద్రాసున సైదాపేటలో ఒక యేడాది వ్యాయామోపాధ్యాయ శిక్షణము పొంది, తాను చదివిన విజయనగరపు పాఠశాలయందే వ్యాయామోపాధ్యాయు డాయెను. నెలజీతము, మర్యాద, సాయంకాలము పిల్లలచేత కవాతు. ఇతరుడైనచో అక్కడనే స్థిరపడి పింఛను పుచ్చుకొనెడివాడు.

ఆయనను బడినుండి బయటకు లాగినది ఏమియని విచారించితినేని, నా కంటికి బలముకంటె ముందు రైలు కనబడును. బెజవాడ నుండి కటకము దాక తూర్పుతీరపు రైలుమార్గము 1893–1896 సంవత్సరముల నడుమ పడినది. దానిపై విజయనగరము ముఖ్యమైన మజిలీ. 1908–09లో పార్వతీపురము శాఖ వేయబడగా, గజపతినగరమునకును బండికూత వినవచ్చెను. రాజు ఒకచోట నుండును, బలశాలి అతని యొద్దకు పోవలెను. టిక్కెట్టు కొనుజనము అన్నిచోట్లను ఉండును, బలశాలి గుడారమునే వారియొద్దకు కొనిపోవలెను. ఏనుగులను, గుఱ్ఱములను, డేరాగుడ్డలను, కొయ్యలను, నలుబదియేబది మంది మనుష్యులను ఒక్కరాత్రిలో ఊరు మార్చగల సాధనము లేనిదే సర్కసు లేదు. ఇటలీ దేశీయుడైన షియారినీ తన సర్కసుతో బొంబాయికి వచ్చి, ఇట్టిది హిందూదేశీయులకు చేతకాదన్నట్లు మాటాడగా, కురుంద్వాడ్ సంస్థానపు అశ్వశాలాధికారి విష్ణుపంతు ఛత్రే పౌరుషము తెచ్చుకొని 1880లో స్వదేశపు సర్కసును నెలకొల్పెను. తలచేరిలో కీలేరి కుంజికణ్ణన్ 1901లో సర్కసు విద్యకొక శిక్షణాలయమునే తెరచెను. జర్మను బలశాలి సాండో 1904–05 సంవత్సరములలో మన నగరములలో ప్రదర్శనము లిచ్చి, కండలు చూపి ధనము గడింపవచ్చునని కనులార చూపి పోయెను. విజయనగరపు వ్యాయామోపాధ్యాయుడు తన మిత్రుడైన పొట్టి పంతులుతో కలసి సర్కసు కంపెనీ పెట్టినది ఈ గాలిలోనే. తుని రాజావారి యాదరమున మద్రాసునకు పోయి, అచ్చట ప్రదర్శించి పేరు తెచ్చుకొనెను. రాజు మొదటి పెట్టుబడిదారు మాత్రమే. పిమ్మట పోషించినది నేలటిక్కెట్టు.

ఆ గుడారములోనికి ఒక్కమారు పోయి చూతము. గుఱ్ఱములు, దొమ్మరి విద్యలు, విదూషకులు అయిన పిమ్మట రంగము ఖాళీయగును. నాయుడుగారు వచ్చును. ఇనుపగొలుసును భుజములమీదుగా రొమ్ముచుట్టు బిగించి తాళము వేయుదురు. సభలోనివా రెవరైనను వచ్చి లాగిచూడవచ్చును. ఆయన కనులు మూసి ఊపిరి తీయును, తీయుచునే యుండును, కుంభకమున ఆ ఊపిరిని బంధించి కండరములు పొంగించగా గొలుసు తెగి నేలబడును. తరువాత కార్లు: చెరియొక చేతికిని కట్టిన గొలుసులతో రెండు మోటారుకార్లు ఎదురుబొదురు దిక్కులకు లాగుచుండగా కదలక నిలుచుట. భౌతికశాస్త్రము చదివిన మిత్రు డొకడు నాతో ఈ సందర్భమున నవ్వుచు ననెను: రెండు కార్లు ఎదురెదురుగా లాగినప్పుడు మనుష్యునిపై పడునది రెండింటి బలము కలిసినది కాదు, ఒక్కదాని బలమే, రెండవకారు మొదటిదానికి గుంజవంటిది. నిజమే. కాని ఆ యొక్కకారు బలమును తన భుజసంధులచేత మోయుటకు సిద్ధపడు భౌతికశాస్త్రజ్ఞుని నేనింకను చూడలేదు. వైస్రాయి మింటో ప్రభువు విశాఖపట్టణమున తన కారు తానే నడపి చూచి, నాయుడుగారి పట్టునుండి దానిని కదల్పలేకపోయె నని మాలో ప్రసిద్ధి.

కడపటిది ఏనుగు. ఆయన వెల్లకిల పరుండును. రొమ్ముపై మెత్త, మెత్తపై బలమైన పలక వైతురు. మావటివాడు ఏనుగును నెమ్మదిగా పలకపైకి ఎక్కించును. పలక బరువును రొమ్ముపై పరచును. లోన నిండిన గాలి ప్రక్కటెముకలకు లోపలి దూలమువలె నిలుచును. ఊపిరి సడలినచో దూలము విరిగినట్లే. కనుక ఈ విద్యలో కండలకంటె ఊపిరితిత్తులు ముఖ్యము. శాకాహారమును, ప్రాణాయామమును, బ్రహ్మచర్యమును తన బలమునకు మూలములని చెప్పుకొనుటలో ఆయనకు దేశాభిమానపు గర్వము కొంత యుండిన నుండవచ్చును గాని, గాలిపట్టు విషయమున ఆయన మాట అక్షరాల సత్యము.

టిక్కెట్టు కొన్న జనము ఆ గుడారములో బలము నొక్కదానినే కొనలేదు. పాలితులైన వారు దుర్బలు లను మాట ప్రభుత్వపు బడులలోను, పత్రికలలోను నిత్యము వినబడుచున్న కాలమున, ఒక తెలుగు నాయుడు దొరల కార్లను నిలువబట్టుట చూచుటకు నాలుగణాలో ఎనిమిదణాలో పెట్టుట కూలివానికి కూడ వ్యర్థవ్యయముగా తోచలేదు. పూనాలో తిలకుమహాశయుడు ఆయనను మల్లమార్తాండు డని మన్నించెను. మదనమోహన మాలవీయుడు అలహాబాదునకు పిలిపించి ఆదరించి, విదేశయాత్రకు పురికొల్పె నందురు. 1910లో మన మల్లుడు గామా లండనునకు పోయి జ్బిస్కో యను మల్లునితో తలపడినట్లే, నాయుడుగారును ఇంగ్లండునకు పోయెను. ఐదవ జార్జి చక్రవర్తియు, మేరీ రాణియు చూచి ఇండియను హెర్క్యులీసు అనిరనియు, స్వదేశమున కలియుగభీముడన్న బిరుదు స్థిరపడెననియు వాడుక. బిరుదులు చాల యున్నవి. నేను కొన్నింటిని విడిచితిని. సర్కసు ప్రకటనలు అతికించువారు బిరుదులను లెక్కపెట్టుదురే గాని తూచరు.

ఇక రాబడి. ఆయన లక్షలు గడించెననియు, గడించినదానిలో విశేషభాగము దానధర్మములకును, జాతీయకార్యములకును వెచ్చించెననియు అందరును ఒక్కమాటగా చెప్పుదురు. ఈ ప్రశంసలో ఎవరును గమనింపని యొక సంగతి కలదు. సర్కసు యజమాని యైన బలశాలికి తన శరీరమే పెట్టుబడి, అదే సరకు, అదే యంత్రము. గిత్తకు జబ్బుచేసిన రైతు మఱియొక గిత్తను కొనవచ్చును. రొమ్ము విరిగిన నాయుడు మఱియొక రొమ్ము కొనలేడు. విదేశమున ఒక ప్రదర్శనములో రొమ్ముమీది పలక వమ్ముకాగా ప్రక్కటెముక విరిగి, నెలల తరబడి వైద్యాలయమున పడియుండెనని కథనము. దానిని శత్రువుల కుట్రగా చెప్పుకొనుట మన వీరగాథల యలవాటు. కుట్రయో, ప్రమాదమో, కంపెనీకి ఏనుగుల మేతయు, మనుష్యుల జీతమును ఆగునవి కావు. అణాలతో వచ్చిన ధనము అట్లే పోయెను.

తుదిదినములలో ఆయన మరల మొదటి గాదెకే చేరుట విచిత్రము. ఒడిశాలోని బలాంగీరున, అచ్చటి సంస్థానాధీశుని యాదరమున కాలము గడపెను. కాలికి పుండు వేసి శస్త్రచికిత్స అవసరము కాగా, మత్తుమందు వలదని, ప్రాణాయామమున ఊపిరి బిగబట్టి కాలు కోయించుకొనెనని చెప్పుదురు. ఏనుగును మోసిన ఊపిరి చివరకు ఆ పనికి వచ్చినది. 1942 జనవరి 16న, సంక్రాంతి వెళ్లిన వెంటనే, ఆయన అక్కడనే కన్నుమూసెను. నేడు విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహమును, శ్రీకాకుళమున ఆయన పేరి క్రీడామైదానమును కలవు.

ఇదే విజయనగరమునుండి, ఇదే కాలమున, ఆటయందు పేరుపొందిన మఱియొకరి చరిత్ర దీనికి తలక్రిందులుగా నడచినది. పూసపాటి విజయానంద గజపతిరాజు, క్రికెట్టు లోకమున విజ్జీ, 1905లో మహారాజునకు ద్వితీయ కుమారుడుగా పుట్టి, రాజ్యము అన్నగారికి చెందుటచే కాశీలోని కుటుంబపు ఆస్తిపై నివాస మేర్పరచుకొనెను. ఆయన ఆటవలన ధనము సంపాదింపలేదు. ధనమువలన ఆటను సంపాదించెను. 1930–31లో తన పేర ఒక జట్టును కూర్చి, ఇంగ్లండునుండి హాబ్సు, సట్‌క్లిఫ్ అను మేటి ఆటగాండ్రను రప్పించి దేశమంతట ఆడించెను. 1936లో భారతజట్టునకు నాయకుడై ఇంగ్లండునకు పోయి, మూడు టెస్టులలో మొత్తము 33 పరుగులు చేసి, జట్టులోని లాలా అమరనాథును నడుమనే ఇంటికి పంపి, సర్ బిరుదముతో తిరిగివచ్చెను. ఆయనను పరిహసించుట మిక్కిలి సులభము. వ్యాఖ్యాతయై, పాలకుడై, ఆంధ్రలోను ఉత్తరప్రదేశములోను ఆ యాటకు దోహదము చేసిన వాడనుట కూడ న్యాయము. కాని ఆ 1930 నాటి జట్టులో నన్ను ఆకర్షించువాడు విజ్జీ కాడు, హాబ్సు. కేంబ్రిడ్జిలో మైదానపు పనివాని కుమారుడై పుట్టి, రామమూర్తి తరమువాడే యై, ఆటకు కూలి పుచ్చుకొనుటచే ఇంగ్లండున పెద్దమనుష్యుల ద్వారమున మైదానములోనికి పోవుటకు వీలులేని వృత్తి ఆటగాడు. ఆ ద్వారభేదము 1962లో గాని అక్కడ పోలేదు. మన కర్నల్ సి.కె. నాయుడును అంతే; నాగపురపు తెలుగుబిడ్డ, హోల్కరు మహారాజు పిలువగా 1923లో ఇందూరునకు పోయి, ఆ సైన్యమున ఉద్యోగి యనిపించుకొని క్రికెట్టాడెను. జీతము సైనికునకు, ఆట రాజునకు. కూలి యను మాటను దాచుటకు పట్టుదుస్తులు చాల యవసరమాయెను. రామమూర్తినాయుడుగారి గుడారముముందు మాత్రము టిక్కెట్టు కిటికీ బాహాటముగా తెరచి యుండెడిది.

సంస్థానములు పోయినవి, సర్కసులు చిక్కిపోయినవి. మూడవ గాదె సర్కారుది. ఆముదాలవలస చెంతనున్న ఊసవానిపేటలో బరువులెత్తుట నేర్చిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో ప్రపంచ విజేతయై, 2000లో సిడ్నీనగరమున 110, 130, మొత్తము 240 కిలోలెత్తి కంచుపతకము తెచ్చెను. ఒలింపిక్సులో పతకము పొందిన ప్రథమ భారతనారి ఆమెయే. సర్కారువారి భారత ఆహారసంస్థ యుద్యోగము ఆమెకు కూడు పెట్టినది. ఆమె వెనుక, గజపతినగరమునకు ఎంతో దూరము లేని నెల్లిమర్ల ప్రక్క కొండవెలగాడ అను పల్లె, ఇంటికొక బరువులెత్తు పిల్ల యన్నట్లు పేరుపొందినది. అక్కడి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్‌వెల్తు క్రీడలలో కంచుపతకము పొంది, విజేత నిషిద్ధౌషధము వాడినట్లు తేలుటచే వెండికి ఎక్కెను. ఆ పల్లెలో తలిదండ్రులు బిడ్డను వ్యాయామశాలకు పంపుచు కోరునది పతకము కాదు, రైల్వేలోనో, పోలీసులోనో, సైన్యములోనో క్రీడాకోటా యుద్యోగము. దానిని అల్పమైన కోరిక యని తీసివేయువారు బలాంగీరు కథ తెలియనివారు.

ఈ ముచ్చట యంతయు ఆ సాయంకాలము అరుగుమీద సగము చెప్పితిని, సగము వృద్ధుడు చెప్పెను. పొద్దుగూకువేళ కుర్రవాడు తాతను వెంటబెట్టుకొని కోవెలవైపు పోయెను, నేనును పోతిని. రావిచెట్టు మొదట సగము మట్టిలో దిగిన సంగిడి యొకటి యున్నది. దానిపై ఎవరో దీపపు ప్రమిద పెట్టిరి. ప్రమిదను తీసి ప్రక్కనుంచి, కుర్రవాడు చొక్కాచేతులు మడిచి, రెండుచేతుల పట్టి దానిని మట్టినుండి పెరికెను. ముఖము కందినది. రాయి మోకాలివరకు వచ్చి, అక్కడ ఒక్కక్షణము నిలిచి, దబ్బున నేలబడెను. "ఊపిరి ఒగ్గేసినావు" అని తాత, బొడ్డులోని సంచి విప్పి, పదిరూపాయల నోటు నొకదానిని తీసి వాని చేతిలో పెట్టెను. "ఇంద, మోకాలి దాకా కూలి." కుర్రవాడు నవ్వి, నోటును కండ్లకద్దుకొని జేబులో పెట్టుకొనెను.